మీకు తెలుసా? విషం తిని బతికే మట్టిజీవులు

● 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నీటిలోని బండను గుద్దుకుని దాదాపు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికింది. అప్పుడు ఒడ్డున రాళ్లమీద ఏం చల్లారో తెలుసా? ఎరువు! చమురు తినే బాక్టీరియా అక్కడ ముందే ఉంది. చమురులో కర్బనం బోలెడు, నత్రజని, భాస్వరమే కరువు. కుంభం అన్నం పెట్టి పప్పూ ఉప్పూ వడ్డించనట్టు. ఎరువు పడ్డాక తిండి జోరందుకుంది. అయితే రాళ్ల అడుగున గాలి ఆడని చోట చిక్కిన చమురు పదేళ్ల తర్వాత తవ్వినా బయటపడింది.

● చమురు తినే బాక్టీరియాను ల్యాబ్‌లో తీర్చిదిద్దినవారు బెంగాల్‌లో పుట్టిన ఆనందమోహన్ చక్రవర్తి. దానికి పేటెంట్ ఇవ్వవచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. కోర్టులో గెలిచిన ఆ జీవిని సముద్రంలోకి మాత్రం ఎవరూ వదల్లేదు.

● కొన్ని బాక్టీరియాలకు గాలి తగిలితేనే ప్రాణాంతకం. డ్రైక్లీనింగ్‌లో వాడే క్లోరిన్ ద్రావకం భూగర్భజలంలోకి దిగితే, దాన్ని విరిచే బాక్టీరియాలు చాలావరకు సగంలో ఆగిపోతాయి. మిగిలేది వినైల్ క్లోరైడ్, క్యాన్సర్ కారకం. సగం పని అసలు రోగం కంటే చెడ్డది! చివరి క్లోరిన్ దాకా ఊడబెరికే డీహలోకాకాయిడ్స్ అనే బాక్టీరియా న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా మురుగుశుద్ధి కేంద్రం బురదలో దొరికింది. 1997లో లోకానికి తెలిసింది. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అది ఈ క్లోరిన్ రసాయనాలను పీలుస్తుంది. దానికి కావలసిన హైడ్రోజన్ కోసం బోర్లు వేసి చెరకు మడ్డినో, సోయా నూనెనో నేలలోకి ఎక్కిస్తారు. అవి పులిస్తే హైడ్రోజన్ పుడుతుంది.

● పారథియాన్ పురుగుమందు 1940ల నాటి మనిషి సృష్టి. దాన్ని విరిచే బాక్టీరియా 1973కల్లా ఫిలిప్పీన్స్ వరి మడిలో దొరికింది. అమెరికా పరిశోధకులు వేరే జాతి బాక్టీరియాలో చూస్తే, ఆ మందును విరిచే జన్యువు అక్షరం తేడా లేకుండా అదే! ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చక్రం మీద కూర్చుని అది ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది. మన అనంతపురం పొలాల మట్టిలోనూ ఇలాంటి బాక్టీరియా కనిపించింది. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమ్ సారిన్ విషవాయువునూ విరగ్గొడుతుంది.

● క్రోమియం లాంటి లోహాన్ని మాత్రం ఏ జీవీ అరిగించుకోలేదు. బాక్టీరియా నీళ్లలో కరిగే విషరూపాన్ని మట్టికి అంటుకునే రూపంలోకి మార్చగలదు, అంతే. నేలలో ఉన్న క్రోమియం గ్రాము కూడా తగ్గదు.