మీకు తెలుసా? పల్నాటి రాళ్లు చెప్పే సంగతులు

గురజాలకు కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది నలగామరాజు కోట ఎక్కడని. పల్నాటి యుద్ధం కథ విన్నవాళ్లకు గురజాల అంటే రాజధాని కదా! గోల్కొండలాగా టిక్కెట్టు కొని ఎక్కి చూసే కోట మాత్రం ఇక్కడ నిలిచి లేదు. అలాగని వచ్చిన బస్సే ఎక్కి వెళ్లిపోకండి. ఒక్క పూట ఓపిక పట్టి చుట్టూ తిరిగితే ఈ నేలమీద ఒక్కో రాయి ఒక్కో సంగతి చెబుతుంది.

మన ఇంటి నాపరాయికి లండన్‌లో చుట్టముందని మీకు తెలుసా? బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాలు వందకు పైగా ఉన్నాయి. అవి చెక్కిన రాయిని చరిత్రకారులు చాలాకాలం ‘పల్నాడు పాలరాయి’ అన్నారు. నిజానికి అది పాలరాయి కాదు, సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయతో, ఉలికి సులువుగా లొంగుతుంది. పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నమయ్యేదీ, మాచర్ల పక్క ఇళ్లకు గోడై, కప్పై నిలిచేదీ ఆ జాతి రాయే. దుర్గి శిల్పుల చేతిలో ఈనాటికీ అది దేవుడవుతోంది.

కంచి పల్లవుల తొలి శాసనం దొరికింది కంచిలో కాదు. రెంటచింతల మండలం మంచికల్లులో దొరికింది. సింహవర్మ అనే పల్లవరాజు ప్రాకృత భాషలో వేయించాడు. ఇప్పటివరకు దొరికిన పల్లవ శాసనాలన్నిటిలో ఇదే పాతదని పండితుల మాట. పల్లవనాడే పల్నాడు అయిందని చాలామంది అంటారు, కాదు పాలనాడు అనేవాళ్లూ ఉన్నారు. నాకు మొదటి మాటే నచ్చుతుంది. శాసనం దొరికిన ఊరు ఇంత దగ్గరలో ఉండగా వేరే సాక్ష్యం ఎందుకు? (రెంటచింతల ఎండల సంగతి మీకు తెలిసిందే. వేసవిలో మాత్రం బయల్దేరకండి.)

చనిపోయినవారికి స్తంభం నిలిపే అలవాటు ఇక్కడ పదిహేడు వందల ఏళ్ల నాటిది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడి తవ్వకాల్లో ‘ఛాయాస్తంభాలు’ బయటపడ్డాయి. ఛాయ అంటే నీడ, పోలిక. చనిపోయిన మనిషి బొమ్మను, జీవితంలోని ఘట్టాలను రాతిమీద చెక్కి నిలబెట్టేవారు. వాసిష్ఠీపుత్ర చాంతమూల మహారాజుకు అలాంటి స్తంభం ఉంది. దాన్ని ఆయన కొడుకు వీరపురుషదత్తుడి ఏలుబడి ఇరవయ్యో ఏట నిలిపారు. నిలిపినవాళ్లలో రాజు తల్లులు, అక్కచెల్లెళ్లు, రాణులు ఉన్నారు. రాజులకే కాదు, యుద్ధంలో పడిన సైనికులకూ, శిల్పులకూ స్తంభాలు వేశారు. రాళ్లు చెక్కేవాడికి రాతిలో జ్ఞాపకం! ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఆ లోయ ఇప్పుడు నీళ్లకింద ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేయకముందే, 1954లో పెద్దఎత్తున తవ్వకాలు మొదలయ్యాయి. నీళ్లు వచ్చేలోగా తీయగలిగినన్ని కట్టడాలను తీసి కొండమీద, అనుపులో మళ్లీ పేర్చారు. మెట్లమెట్లుగా దిగే ఇక్ష్వాకుల నాటి రంగస్థలాన్ని అనుపులో చూడవచ్చు. ముంచిన ఆనకట్ట కూడా రాతిదే, ఎత్తు 124 మీటర్లు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్లు వదిలారు. పల్నాటి మెట్టపొలాలకు నీళ్లొచ్చాయి, ఒక నగరం మునిగింది. రెండూ గుర్తుంచుకోవాల్సినవే.

కారెంపూడి వీరుల గుడిలో పూజలందుకునేవాళ్లు దేవుళ్లుగా పుట్టినవాళ్లు కారు. పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున పల్నాటి యుద్ధమనే అన్నదమ్ముల పోరులో పడిన మనుషులు. వాళ్ల ఆయుధాలే అక్కడ ఆరాధ్యాలు. కార్తీక అమావాస్య నాడు మొదలయ్యే తిరునాళ్ల ఐదు రోజులు జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఒక్కోరోజు పేరు కథలోని ఒక్కో ఘట్టం. ఊరూరి నుంచి ఈ వీరులను కొలిచే వీరాచారవంతులు తమ కొణతాలు (వీరుల ఆయుధాలు) పట్టుకుని వస్తారు. ఎప్పుడో పాతపడ్డ యుద్ధాన్ని ఒక ఊరు ఏటా ఐదురోజులపాటు మళ్లీ బతికించుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

మందపోరు నాటి చాపకూడును ప్రత్యేకంగా చెప్పాలి. కులం అడగకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి, ఆ పోరులో ఒక పక్షానికి మంత్రి అయిన బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని కథ. మాల కన్నమదాసును సేనానిని చేసిందీ ఆయనే. ఆ కథను తరతరాలుగా పాడుతూ కాపాడినవాళ్లు వీరవిద్యావంతులు. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చువేయించారు. వీరవిద్యావంతుల పాట విని, రాసుకుని జీన్ రోఘెయిర్ అనే పరిశోధకుడు 1982లో ఇంగ్లిష్‌లో పుస్తకం తెచ్చాడు. పుస్తకాలు రెండూ గొప్పవే. పాట మాత్రం కారెంపూడిలో వినాలి.

నలగామరాజు మంత్రి నాగమ్మ ఊరు గురజాల పక్కనే. జిట్టగామాలపాడు ఆమె పెరిగిన ఊరని చెబుతారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక స్త్రీ మంత్రి పదవిలో కూర్చుని రాజ్యం నడిపిందంటే సామాన్యమా? కథల్లో ఆమెను దుష్టురాలిని చేసి వదిలేశారు. అది అన్యాయమని నా గట్టి నమ్మకం.

గుత్తికొండ బిలం, దైద బిలం రెండూ సున్నపురాతిని నీళ్లు వేల ఏళ్లుగా కరిగించగా ఏర్పడిన గుహలే. దైదలో అమరలింగేశ్వరుడు వెలిశాడు. యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని జనం నమ్మకం.

దుర్గి మండలంలో ఇంకో వీరుడి రాయి ఉంది. కన్నెగంటి హనుమంతు సమాధి. అడవిలో పశువులు మేస్తే పుల్లరి కట్టాలని తెల్లదొరల ప్రభుత్వం పట్టుబట్టింది, పల్నాటి రైతులు కట్టమన్నారు. 1922 ఫిబ్రవరి 22న మించాలపాడులో పోలీసు తూటాలకు హనుమంతు నేలకొరిగాడు. ఈ పోరాటం కోసం పల్నాడు వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుపాలయ్యారు. ‘మాలపల్లి’ నవల ఆయన జైల్లో రాసినదే.

పల్నాడు ఇప్పుడు జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి నరసరావుపేట కేంద్రంగా నడుస్తోంది. ఒకప్పటి పల్నాడు తాలూకాకు గురజాలే కేంద్రం.

చివరగా పల్నాటి పాఠకులకు ఒక మనవి. మీ ఊరి బొడ్రాయి దగ్గరో, పాత గుడి వెనకో, పొలం గట్టునో అక్షరాలున్న రాయి కనబడితే దానిమీద సున్నం గానీ రంగు గానీ పడనివ్వకండి. పునాదిలో వేయనివ్వకండి. ఫోటో తీసి, ఏ ఊరో ఏ చోటో రాసి పురావస్తు శాఖకు పంపండి.