పెందుర్తి చుట్టూ చరిత్ర: కొండ, గెడ్డ, అడవి

విశాఖపట్నానికి పడమటి అంచున ఉన్న పెందుర్తిని చాలామంది రైల్వే స్టేషన్ గల శివారు ప్రాంతంగానే ఎరుగుదురు గాని, దాని పరిసరాలలోని కొండలు, గెడ్డలు, అనగా కొండవాగులు, ఉత్తరాంధ్ర చరిత్రనూ జీవజాలాన్నీ తరతరాలుగా నిలుపుకొంటూ వస్తున్నాయి.

సమీపంలోని సింహాచలం ఆలయాన్ని 13వ శతాబ్దిలో తూర్పు గాంగుల కాలంలో పునర్నిర్మించగా, కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో స్వామిని దర్శించి కానుకలు సమర్పించిన సంగతిని అక్కడి శాసనం తెలుపుతున్నది. ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండే మూలమూర్తి అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపంలో దర్శనమిస్తుంది. ఉత్తరాన ఉన్న పద్మనాభంలో 1794 జూలై 10న విజయనగర ప్రభువు చిన విజయరామరాజు, పేష్కషు, అనగా ఈస్టిండియా కంపెనీకి కట్టవలసిన కప్పం, విషయమై తలెత్తిన తగవు ముదరగా, కంపెనీ సేనతో పోరాడి ప్రాణాలు విడిచాడు.

ఒకప్పుడు ఆ విజయనగర సంస్థానాధీశుల అధీనంలో ఉన్న కంబాలకొండ నేడు సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంగా, అనగా వేట నిషేధించిన రక్షిత వనంగా, చిరుతపులులకు, నక్కలకు, అలుగులకు ఆశ్రయమిస్తున్నది. పెందుర్తి చెంతనున్న మేఘాద్రిగెడ్డ జలాశయం నగరానికి తాగునీరు అందిస్తూనే నీటిపక్షులనూ పోషిస్తున్నది. శాసనాలను కాపాడుకోవడంలో చూపే శ్రద్ధనే ఈ గెడ్డపట్ల, ఈ అడవిపట్ల కూడా చూపడం నగరవాసులందరి బాధ్యత.