ఆట పక్కన గళ్ల పుస్తకం

వీడియో గేమ్ ఆడే పిల్లవాడి పక్కన ఓ గళ్ల నోటుబుక్కూ పెన్సిలూ కనబడితే నేను తిట్టడం మానేసి కళ్లజోడు వెతుక్కుంటాను. భద్రాచలంలో మా ఇంటికి సెలవులకొచ్చిన మనవడి దగ్గర అలాంటి పుస్తకమే ఉంది. సగం అంకెలు, సగం బొమ్మలు. వాడు దాచుకోబోతే లాక్కుని మరీ చదివాను. అందులో ఏముందో చెబుతాను, వినండర్రా.

ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే అమెరికా కుర్రాడు ప్రోగ్రామూ బొమ్మలూ సంగీతమూ అన్నీ ఒంటిచేత్తో చేసి 2016లో విడుదల చేశాడు. ఆటలో మనం చేసేది వ్యవసాయం. పొలం రాసిచ్చేది ఎవరనుకున్నారు? తాతగారు! అందుకే దాని మీద నాకు కాస్త పక్షపాతం. మూడో ఏడు మొదలవగానే ఆ తాతగారి ఆత్మ వచ్చి, మనవడు పొలాన్ని ఏపాటి బాగుచేశాడో చూసిపోతుంది కూడా. ఏడాదికి నాలుగు కాలాలు, కాలానికి 28 రోజులు. మొక్కకు రోజూ నీళ్లు పోయాలి, వాన పడితే ఆ పని తప్పుతుంది. కాలం మారిందా, ఆ కాలపు పైరు చాలామటుకు రాత్రికి రాత్రే ఎండిపోతుంది.

ఇక లెక్క. వసంతంలో పార్స్‌నిప్ అనే దుంప విత్తనం 20 నాణేలు. 4 రోజులకు కోతకొస్తుంది, 35కి అమ్ముడవుతుంది. మిగులు 15. కాలీఫ్లవర్ విత్తనం 80, కోతకు 12 రోజులు, ధర 175. మిగులు 95. "ఇంకేముంది తాతయ్యా, కాలీఫ్లవరే" అన్నాడు మావాడు. అది పన్నెండు రోజులు మడి ఖాళీ చెయ్యదు కదరా, రోజుకెంత పడిందో చూడమన్నాను. పార్స్‌నిప్‌కు 3.75, కాలీఫ్లవర్‌కు దాదాపు 7.9. అప్పటికీ కాలీఫ్లవరే గెలిచింది. వాడు నావంక గర్వంగా చూశాడు.

నేనూ ఊరుకోలేదు. సరే, నీ జేబులో 80 నాణేలే ఉన్నాయనుకో, పొలం మాత్రం ఎంత కావాలంటే అంత ఉంది. అప్పుడో? ఆ 80తో ఒక కాలీఫ్లవర్ వేస్తే పన్నెండో రోజు దాటాక చేతిలో 175. అదే 80తో నాలుగు పార్స్‌నిప్‌లు వేస్తే నాలుగు రోజుల్లో 140. దాంతో ఏడు విత్తనాలు, ఇంకో నాలుగు రోజులకు 245. దాంతో పన్నెండు విత్తనాలు, 5 నాణేలు చిల్లర. ఇంకో నాలుగు రోజులకు 420, చిల్లర కలుపుకుంటే 425! అవే పన్నెండు రోజులు. చక్రవడ్డీ అంటే భయపడే వాళ్లం కదా, ఈసారి అది మన పక్షాన నిలబడింది.

అయితే పార్స్‌నిప్‌ గొప్పదా? అదీ చెప్పలేం. పన్నెండు మొక్కలకు నీళ్లు పోయాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి, ఆటలో ఆ సత్తువకూ ఓ హద్దుంది. కాబట్టి మడి తక్కువైతే మిగులును మడితో భాగించాలి, డబ్బు తక్కువైతే డబ్బుతో, ఓపిక తక్కువైతే పోసిన నీళ్ల బిందెలతో. ఏది కొరతో దానితో భాగించాలన్నమాట. మూడు కొరతలూ ఒకేసారి వచ్చి పడితే? 1947లో జార్జ్ డాంట్జిగ్ అనే గణితవేత్త అచ్చంగా ఇలాంటి చిక్కులకే ఓ పద్ధతి కనిపెట్టాడు, దాన్ని సింప్లెక్స్ అంటారు. మావాడి పుస్తకం అంతదాకా పోలేదు గానీ, ఆ దారిలోనే నడుస్తోంది.

వాడి పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీ స్ట్రాబెర్రీది. దాని విత్తనం వసంతం 13వ తేదీన జరిగే గుడ్ల పండగలో 100 నాణేలకు దొరుకుతుంది. 8 రోజులకు మొదటి కాపు, తర్వాత నాలుగేసి రోజులకు ఒకటి, పండు ధర 120. ఆ రాత్రే నాటితే 21న, 25న రెండు కోతలు. మిగులు 140. నాటకుండా దాచి, వచ్చే వసంతం ఒకటో తేదీన నాటితే 9, 13, 17, 21, 25 తేదీల్లో అయిదు కోతలు. మిగులు 500! ఏడాది ఆగాలి మరి. అంతకాలం గుర్తుంచుకోవడానికే ఎర్ర సిరాతో రాసుకున్నాడు. మన బుర్ర ఒక్కసారికి ఏడు, అటూఇటుగా రెండు ముక్కలకు మించి పట్టుకోలేదని జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో రాశాడు. ఆ తర్వాతి వాళ్లు నాలుగే అన్నారు. నా వయసుకు అదీ ఎక్కువే.

బొమ్మల పేజీ ఇంకో రకం తెలివి. ఆటలోని చిన్న స్ప్రింక్లర్ తనకు నాలుగు పక్కలున్న నాలుగు గళ్లనే తడుపుతుంది. అది కూర్చునే గడితో కలిపి అయిదు గళ్ల కూడిక గుర్తు. ఇలాంటి కూడిక గుర్తులతో పొలమంతా ఒక్క గడి కూడా వదలకుండా, ఏ గడీ రెండుసార్లు తడవకుండా పరచగలమా? మావాడు చెరిపి చెరిపి కాగితం చింపాడు. పరచగలం. ఒక స్ప్రింక్లర్ నుంచి చదరంగంలో గుర్రం గెంతినట్టు రెండు గళ్లు పక్కకు, ఒక గడి పైకి పోయి రెండోది పెట్టాలి. ఆ గెంతునే నాలుగు దిక్కులకూ తిప్పుకుంటూ సాగిపోతే గట్ల దగ్గర తప్ప ఎక్కడా పొడి గడి మిగలదు. గీసి చూడండి, నమ్మకం కలుగుతుంది. ఆటలు తయారుచేసే వాళ్లకూ గళ్ల కాగితమే దిక్కు. 1985 నాటి సూపర్ మారియోలో గోడలూ గుంతలూ ముందు గ్రాఫ్ కాగితం మీదే పుట్టాయి.

గుర్రం అన్నాను గనుక ఒక మాట. మన హనుమకొండ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో చదరంగంలో 2800 రేటింగ్ దాటాడు. అంతటివాడైనా బల్ల ముందు కూర్చుంటే, వేసిన ఎత్తును రాసుకోవాలే గానీ వెయ్యబోయేది ముందుగా కాగితం మీద పెట్టకూడదు. చదరంగంలో అది నిషేధం. వీడియో గేమ్‌లో ఒంటరిగా ఆడేవాడికి ఆ అడ్డు లేదు, రాసుకున్నంత రాసుకోవచ్చు.

బొమ్మలే లేని ఆటకు కూడా పటం గీసుకున్నవాళ్లున్నారు. 1976 నాటి కొలోసల్ కేవ్ ఆటలో అంతా అక్షరాలే. రాసిన విల్ క్రౌథర్ నిజంగానే మామత్ గుహల్లో పాకి, కొలిచి, పటాలు తయారుచేసిన మనిషి. అందులో ఒక చిక్కుదారిలో గదులన్నీ ఒకేలా ఉంటాయి. ఆడేవాళ్లు ఒక్కో గదిలో ఒక్కో వస్తువు పడేసి, ఏ గది ఏదో కాగితం మీద గుర్తుపెట్టుకునేవారు. తునికాకు కోయడానికి కొత్త అడవిలోకి పోయినవాడు కొమ్మలు విరుచుకుంటూ పోవడం లాంటిదే.

ఇప్పుడు మావాడు పుస్తకం వదిలి ఎక్సెల్‌లోకి దిగాడు. దాని ముత్తాత విసికాల్క్, 1979లో వచ్చింది. హార్వర్డ్‌లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కు ఓ అవస్థ: పట్టీలో ఒక అంకె మారితే దాని వెనకున్నవన్నీ చెరిపి మళ్లీ రాయాలి. ఒకటి మారిస్తే మిగతావి వాటంతటవే మారే పట్టీ ఉంటే బాగుండునని కలగన్నాడు, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి చేసి చూపించాడు. "ధర సగమైతే?" అని అడిగే ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

ఆ ప్రశ్న ఆటలో సరదాకే, కాలీఫ్లవర్ మూల ధర ఎవరు అమ్మినా 175. ఖమ్మం మిర్చి యార్డులో అలా కాదు. సరుకు ఒక్కసారి పోటెత్తితే తేజ మిర్చి ధర కూర్చుంటుంది. అక్కడ కొరత కూడా కాలాన్ని బట్టి మారుతుంది. నాటేటప్పుడు పెట్టుబడి, ఎండల్లో నీళ్లు, కాయ ఎర్రబడ్డాక ఏరేవాళ్లు. చర్ల, వెంకటాపురం వైపు పొలాలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు దిగేది అందుకే. గోదావరి వరదకు గడి వేరే వెయ్యాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. మావాడి పట్టీలో ఈ గడి లేదు. ఆటలో నది పొంగదు కదా.

సరే, మీకు ఒక లెక్క వదిలేస్తాను. వేసవికాలపు బ్లూబెర్రీ: విత్తనం 80, 13 రోజులకు మొదటి కాపు, తర్వాత నాలుగేసి రోజులకు ఒకటి, కాపుకు మూడు పండ్లు, పండు 50. ఒకటో తేదీన నాటితే 14, 18, 22, 26 తేదీల్లో కోతలు, మిగులు 520. అయిదో తేదీకి జారితే 370. పదిహేనో తేదీన నాటినా 70 మిగులుతుంది. పదహారున నాటితే విత్తనం డబ్బు కూడా రాదు. ఎందుకో కాగితం తీసి రాయండి. బుర్రలో చెయ్యకండి, పెన్సిలుతో.