మెలకువను నిలుపు ద్రవ్యము

నిద్రపోవువానిని నిందించుట లోకమునకు మిక్కిలి సులభమైన పని. కచేరీలో కాగితములమీదనే తల వాల్చువాడును, భోజనపంక్తిలో చేతిముద్ద జారవిడుచువాడును మనకు సోమరులు, కుంభకర్ణుని వంశీయులు. పకపక నవ్వినంతమాత్రమున మోకాళ్లు సడలి నేలకొరగువానిని గాలి సోకినవాడని భూతవైద్యునొద్దకు గొనిపోవువారును లేకపోలేదు. ఈ వ్యాధికి 1880లో జెలినో యను ఫ్రెంచి వైద్యుడు నార్కొలెప్సీ యని పేరిడెను. పేరు కలిగెను గాని, కారణము మఱి నూఱేండ్లకు పైగా తెలియలేదు.

తెలిసిన విధము విచిత్రము. 1998లో అమెరికాలో రెండు పరిశోధకబృందములు వేర్వేఱుగా ఒకే ద్రవ్యమును కనిపెట్టెను. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థవారు దానిని హైపోక్రెటిన్ అనిరి. డాలస్ నగరమున సకురాయి, యనగిసావా యను జపాను పండితులు ఒరెక్సిన్ అనిరి. గ్రీకుభాషలో ఒరెక్సిస్ అనగా ఆకలి. దానిని మెదడులోనికి ఎక్కింపగా ఎలుకలు అధికముగా తినుటచే నీ పేరు. నిద్ర మాట వారి తలంపుననే లేదు! రెండు పేర్లును నేటికిని చెలామణిలో నుండుట విద్యార్థుల పాలిటి శిక్ష.

పిమ్మట యనగిసావా బృందమువారు ఆ ద్రవ్యము పుట్టని చుంచెలుకలను సిద్ధపఱచి, రాత్రించరములు గాన అవి యెట్లు మేయునో చూతమని చీకటిలో పరారుణ కెమేరాతో చిత్రములు తీసిరి. చుఱుకుగా తిరుగుచున్న ఎలుక చటుక్కున కూలి, కొంతసేపటికి ఏమియు జరుగనట్లే లేచి తన దారిని తాను పోయెను. ఇది 1999 నాటి మాట. ఆ యేడే స్టాన్‌ఫర్డులో మిన్యో బృందము మఱియొక మార్గమున అచటికే చేరెను. వారు పెంచిన డాబర్మన్ కుక్కలు ఇష్టమైన ఆహారము చూపగానే సంతోషముచే కూలిపోవును. ఆ ద్రవ్యమును అందుకొను గ్రాహకపు జన్యువు చెడుటయే హేతువని తేలినది. దీనికి పదేండ్లు పట్టెను. కుక్కలను పెంచి కూర్చుండువారికి ధనమేల యని యడుగువారు ఈ పదేండ్లను గణింపవలయును.

2000లో మృతుల మెదడులను పరీక్షింపగా, మనుష్యులలో చెడినది గ్రాహకము కాదు, ద్రవ్యమును పుట్టించు కణములే దాదాపుగా నశించినవని తెలిసెను. 8,600 కోట్ల నాడీకణములలో అవి సుమారు 70,000 మాత్రమే. అవి యుండు హైపోథలామస్ ప్రాంతమునే, మొదటి ప్రపంచయుద్ధకాలపు నిద్రాజ్వరరోగులను పరీక్షించిన వియన్నా వైద్యుడు ఎకనమో మెలకువకు ఆధారమని యూహించెను.

ఇక ఔషధముల మాట. ఈ ద్రవ్యమును అడ్డగించి నిద్ర పట్టించు సువోరెక్సంట్ 2014లోనే అమెరికాలో అనుమతి పొందెను. నిద్ర పట్టనివారు కోట్లాదిగా నున్నారు; నార్కొలెప్సీ రోగి రెండువేలమందిలో నొకడు. వర్తకులు మొదట నెవరి తలుపు తట్టిరో వేఱుగా చెప్పనక్కఱలేదు. లోపించిన ద్రవ్యమునకు బదులు పనిచేయు గుళికనొకదానిని పరీక్షించుచుండగా, కాలేయమునకు హాని కనబడుటచే 2021లో నిలిపివేయవలసివచ్చెను. తరువాతివానిపై పరిశ్రమ సాగినది. వెన్నుద్రవమున ఆ ద్రవ్యమును కొలిచి రోగమును నిర్ణయించు పరీక్ష కలదు. అయినను వ్యాధి తఱచుగా కౌమారమున మొదలగును, నిర్ణయమునకు పెక్కేండ్లు పట్టును. ఆ నడిమికాలమున బాలుడు బడిలో బెత్తపుదెబ్బలు తినుచునే యుండును.