ఎండను గాజుకు అవతలే ఆపడం: ముషైరిబ్ నీడల లెక్క

దోహా మెట్రోలో ఎరుపు, ఆకుపచ్చ, బంగారు మార్గాలు మూడూ కలిసే స్టేషను ముషైరిబ్. జులై మధ్యాహ్నం ఆ స్టేషను నుంచి పైకి వచ్చి, ఒక నిమిషం ఎండలో నిలబడి, ఆ తర్వాత ఎదురుగా ఉన్న సన్నటి వీధి నీడలోకి నడిస్తే ఒంటిమీది నుంచి ఏదో మూట దించినట్టుంటుంది. అయితే, ఎండ నేరుగా తగలకుండా మూత కట్టిన థర్మామీటరు ఒకటి చేతిలో ఉంటే, అది రెండుచోట్లా ఇంచుమించు ఒకే అంకె చూపిస్తుంది. వార్తల్లో చెప్పే 45 డిగ్రీలు ఎప్పుడూ నీడలో కొలిచినవే. 2010 జులైలో దోహా విమానాశ్రయంలో నమోదైన 50.4 డిగ్రీలూ అంతే. గాలి వేడి మారనప్పుడు ఒంటికి అంత తేడా ఎందుకు తెలిసింది? ఇంటికి, వరండాకు బయటివైపు తెరలు కట్టే పద్ధతి అంతా ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద ఆధారపడింది.

ముషైరిబ్ అంటే నీళ్ళు తాగే చోటు అని అర్థం చెబుతారు. దోహాలో మొట్టమొదట విద్యుద్దీపాలు వెలిగిన వీధుల్లో ఒకటి ఇక్కడి కహ్రబా వీధి. కహ్రబా అంటే అరబ్బీలో విద్యుత్తే. కరెంటు వచ్చింది, దాని వెంట ఎయిర్ కండిషనర్లు వచ్చాయి, స్తోమత ఉన్న కుటుంబాలు ఊరి చివరి విల్లాలకు తరలిపోయాయి. పాత ఇళ్ళు వలస కార్మికుల గదులుగా మారాయి. ఆ పేటను దాదాపు పూర్తిగా పడగొట్టి, ఖతార్ ఫౌండేషన్‌కు చెందిన ముషైరిబ్ ప్రాపర్టీస్ సంస్థ సుమారు 31 హెక్టార్లలో, వందకు పైగా భవనాలతో కొత్తగా కట్టింది. కార్లను, సరుకుల బండ్లను నేలకిందికి పంపి, పైన వీధులను ఇరుకుగా ఉంచారు. ఒకవైపు భవనం నీడ రెండోవైపు నడిచేవారి మీద పడాలన్నది ఉద్దేశం. గోడలకు లేతరంగులు, లోపలికి తోసి పెట్టిన కిటికీలు, వాటి ముందు పలకలు, జాలీలు, బరాహా అనే కూడలి మీద అవసరాన్ని బట్టి తెరుచుకునే, మూసుకునే కప్పు. మిగిలిన నాలుగు పాత ఇళ్ళను మ్యూజియాలు చేశారు. వాటిలో 1920ల నాటి రద్వానీ ఇల్లు చూసిన తెలుగువారెవరికైనా మండువా లోగిలి గుర్తుకు రాక మానదు: నడుమ ఆకాశం, చుట్టూ గదులు, గదులకు ముందు పంచ.

ఇక జవాబు. సూర్యకాంతిలో వచ్చే శక్తిలో చాలాభాగం కంటికి కనిపించే వెలుగుగా, దాని పక్కనే ఉండే దగ్గరి పరారుణ కిరణాలుగా వస్తుంది. వీటికి కిటికీ గాజు అడ్డు చెప్పదు. లోపలికి వచ్చిన వెలుగు నేలమీదో, సోఫామీదో, పరదామీదో పడి వేడిగా మారుతుంది. వేడెక్కిన పరదా కూడా కిరణాలను వెలువరిస్తుంది, కానీ అవి పది మైక్రాన్ల చుట్టుపక్కల ఉండే పొడవాటి తరంగాలు. వాటిని గాజు దాటనివ్వదు. రావడానికి తెరుచుకునే తలుపు పోవడానికి తెరుచుకోదు. అందుకే గది లోపల ఎంత మందపాటి పరదా వేసినా అది వెలుగును ఆపుతుందే తప్ప వేడిని పూర్తిగా ఆపదు. బాగా తెల్లని తెర అయితే వచ్చిన వెలుగులో కొంత వెలుగుగానే వెనక్కి పంపుతుంది. ముదురురంగు పరదా మాత్రం కిటికీ పక్కన పెట్టిన హీటరే. రంగు గాజు పరిస్థితీ ఏమంత మెరుగు కాదు. తాను పీల్చుకున్న వేడిలో కొంత లోపలికే వదులుతుంది.

అదే తెరను గాజుకు అవతల కడితే వేడెక్కేది తెరే, చల్లారేదీ బయటి గాలిలోనే. దాని నుంచి లోపలికి వచ్చే పొడవాటి తరంగాలను ఇప్పుడు గాజే ఆపుతుంది. ఇంతకుముందు మనకు వ్యతిరేకంగా పనిచేసిన గుణమే ఇప్పుడు మన పక్షాన చేరుతుంది. అమెరికా ఇంధన శాఖ చెప్పే అంకెల ప్రకారం, కిటికీకి బయట గుడారపు గుడ్డతో చూరు దింపితే లోపలికి వచ్చే సౌరతాపం దక్షిణపు కిటికీలో 65 శాతం వరకు, పడమటి కిటికీలో 77 శాతం వరకు తగ్గుతుంది.

పడమరకు ఎందుకు ఎక్కువ? దోహా అక్షాంశం 25.3 డిగ్రీలు. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన, 88 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణపు గోడను ఆ ఎండ ఒరుసుకుంటూ జారిపోతుంది. రెండడుగుల సన్‌షేడ్ ఉంటే చాలు, కిటికీకి తగలదు. డిసెంబరులో అదే సూర్యుడు 41 డిగ్రీలకు దిగి దక్షిణపు కిటికీలోంచి లోపలికి వస్తాడు, అప్పుడు రావడం మంచిదే. మన హైదరాబాదులోనైతే మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికే జరుగుతాడు. కాబట్టి వేసవిలో దక్షిణపు కిటికీ గురించి బెంగ పడనక్కరలేదు. బాధంతా తూర్పు, పడమరలతోనే. సౌరకాలం ప్రకారం సాయంత్రం నాలుగింటికి దోహాలో జూన్ సూర్యుడు 36 డిగ్రీల ఎత్తులో, దాదాపు పడమటి గోడకు ఎదురుగా నిలబడతాడు. గాలిలోని దుమ్ము కొంత మింగినా చదరపు మీటరుకు 500 వాట్లు పడతాయనుకోవచ్చు. అటు చూసే రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గాజు తలుపు మీద 2,000 వాట్లు. మామూలు రెండు పొరల గాజులోంచి అందులో సుమారు 1,400 వాట్లు గదిలోకి వస్తాయి. ఒక టన్ను ఏసీ తీయగలిగిన వేడి 3,500 వాట్లు. అంటే ఆ ఒక్క తలుపే ఏసీ శక్తిలో నలభై శాతం తినేస్తుంది. బయట సరైన తెర దించితే ఆ 1,400 రెండు వందల చుట్టుపక్కలకు దిగుతుంది.

ఈ వేళలో సన్‌షేడ్ పనిచేయదు. సూర్యుడు దాని కిందినుంచే తొంగిచూస్తాడు. పై నుంచి కిందికి దిగే నిలువు తెర కావాలి. దోహా తీరంలో జాన్ నువెల్ రూపకల్పన చేసిన బుర్జ్ దోహా చుట్టూ ఉన్న అల్యూమినియం జాలీని గమనిస్తే ఈ సంగతే లోహంలో రాసినట్టు కనబడుతుంది: ఉత్తరం వైపు 25 శాతం, దక్షిణం వైపు 40 శాతం, తూర్పు, పడమరల వైపు 60 శాతం సాంద్రత. అరబ్బుల పాత మష్రబియా కిటికీ దాని మాతృక.

జాలీకి ఒక లోపం ఉంది, అది కదలదు. చుట్టతెర కదులుతుంది. పైన అల్యూమినియం పెట్టెలో చుట్టుకుని ఉండే గుడ్డ, రెండు పక్కలా దాని అంచులను పట్టి ఉంచే గాడులు, కింద బరువైన కమ్మీ, తిప్పడానికి మోటారో పిడో. గుడ్డ సాధారణంగా పీవీసీ పూసిన పాలియెస్టర్ లేదా ఫైబర్‌గ్లాస్ నేత. ఎన్నుకునేటప్పుడు అడగవలసినది నేతలో ఖాళీ ఎంత శాతమని. ఒకటి, మూడు, ఐదు, పది శాతాల రకాలు దొరుకుతాయి. పడమటికి మూడో ఐదో సరిపోతుంది. పది శాతం తూట్లున్నది తీసుకుంటే సాయంత్రం ఎండ చురుక్కుమంటూనే ఉంటుంది. రంగు విషయంలో మన అనుభవజ్ఞానం కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. లోపలి తెరకు తెలుపే మేలు. బయటి తెర ముదురు రంగుదైనా నష్టం తక్కువ, ఎందుకంటే అది పీల్చిన వేడిని గాలి అక్కడే ఎత్తుకుపోతుంది. పైగా ముదురు నేతలోంచి బయటి దృశ్యం తేటగా కనిపిస్తుంది. ఇక్కడి షమాల్ గాలులకు మాత్రం భయపడాలి. గాడులు లేకుండా వేలాడే తెర మొదటి గాలిదుమారానికే చిరుగుతుంది. గాలి వేగాన్ని పసిగట్టి తెరను పైకి చుట్టేసే పరికరం ఖరీదైనా పెట్టించుకోదగినది. గాడుల్లో ఇసుక చేరకుండా నెలకొకసారి కుంచెతో దులపాలి.

అద్దె ఇంట్లో ఉండే మనలో చాలామందికి భవనం ముఖానికి ఏమీ తగిలించే అనుమతి ఉండదు. అయితే గాజుకు అవతల అంటే భవనానికి అవతల అని కాదు. బాల్కనీ లోకప్పుకు, లోపలి గాజు తలుపుకు ముందు వేలాడదీసిన వెదురు చాప కూడా బయటి తెరే. మోటారు, రిమోటు లేవన్న మాటే గాని, భౌతికశాస్త్రం దానికీ అదే.

వరండా సంగతి వేరు. అక్కడ కాపాడవలసింది గదిని కాదు, మనిషిని. వైద్యుడిగా నాకు ఆసక్తి ఇక్కడే. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఎండలో నిలబడితే నేరుగా సూర్యుడి నుంచే ఇంకో వంద వాట్లకు పైగా చేరతాయి. వేడెక్కిన నేల, గోడలు పంపేది దీనికి అదనం. చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. చుట్టూ గాలి అంతకు మించినప్పుడు వేడిని వదిలించుకునే దారి ఒక్కటే మిగులుతుంది, చెమట ఆరడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే 580 కిలోకాలరీలు పోతాయి. కారితే కాదు, ఆరితేనే. ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రపు తేమ పట్టిన దోహా గాలిలో చెమట కారుతుంది కానీ ఆరదు.

అందుకే వడ ముప్పును కొలవడానికి ఉత్త థర్మామీటరు చాలదు. తడిగుడ్డ కట్టిన థర్మామీటరు, నల్లటి గోళంలో పెట్టిన థర్మామీటరు, మామూలు థర్మామీటరు, ఈ మూడింటి అంకెలను 70, 20, 10 శాతాల చొప్పున కలిపి వెట్ బల్బ్ గ్లోబ్ సూచిక కడతారు. నల్లగోళం ఎండలో 60 డిగ్రీలు చూపించి, నీడలో 45 చూపించిందనుకుందాం. తేడా 15, అందులో ఐదోవంతు 3. గాలి ఏమాత్రం చల్లబడకుండానే సూచిక మూడు డిగ్రీలు దిగింది. మూడు చిన్న అంకె కాదు. ఖతార్ 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం ఈ సూచిక 32.1 దాటితే ఏ వేళలోనైనా ఆరుబయట పని ఆపాలి. 34 నుంచి 31కి దిగడమంటే ఆ గీతను దాటి ఇవతలికి రావడమే. ముషైరిబ్ సందులో దించిన మూట ఇదే.

అలాగని వరండాను నాలుగువైపులా తెరలతో బిగించకూడదు. నీడ దొరుకుతుంది కానీ గాలి చచ్చిపోతుంది, చెమట ఆరదు. ఎండ వచ్చే వైపే దించి, పైన జానెడు సందు వదిలితే వేడిగాలి అటు పోతుంది. ఇక తెరమీద నీళ్ళు చల్లితే? మన ఇళ్ళలో వట్టివేళ్ళ తడికలను తడిపి గుమ్మాలకు కట్టేవారు, రెంటచింతల లాంటి చోట మే నెల పొడిగాలికి అది దివ్యమైన ఉపాయం. దోహాలో కూడా జూన్ నెల పొడి షమాల్‌లో అది పనిచేస్తుంది. ఆగస్టు తేమలో ఆ పని చేస్తే గాలికి ఇంకాస్త ఉక్క కలిపినట్టే. తాటాకు పందిరికి మాత్రం ఈ పరిమితి లేదు. కింద నీడ, పక్కల గాలి, తాను వేడెక్కినా దాచుకోని తేలికదనం. బయటి తెరకు కావలసిన లక్షణాలన్నీ ఉన్న కట్టడం అది.

తెలిసినవారి ఇంట్లో జరిగినది ఒకటి చెబుతాను. మనవరాలి పుట్టినరోజుకని కరీంనగర్ వైపు నుంచి వచ్చిన డెబ్భై దాటిన పెద్దాయన, లోపలి ఏసీ పడక రోజూ సాయంత్రం పడమటి బాల్కనీలో కుర్చీ వేసుకు కూర్చునేవారు. ‘మా ఎండల ముందు ఇదెంత’ అనేవారు. నాలుగోరోజు లేవబోయి పడిపోయారు. రక్తపోటుకు వేసుకునే డైయూరెటిక్ మాత్ర ఒంట్లోని నీటిని, ఉప్పును తగ్గించింది. వయసు దాహాన్ని తగ్గించింది. గాజుతలుపు, టైల్సు వెనుకనుంచి ఆయన్ను కాచాయి. వేళకు చూశారు కాబట్టి సెలైన్‌తో గట్టెక్కారు. వేసవిలో తల్లిదండ్రులను గల్ఫ్‌కు పిలిపించుకునేవారు వాళ్ళ మందుల చీటీ ఒకసారి చూడాలి. డైయూరెటిక్‌లే కాదు, బీటా బ్లాకర్లు చర్మానికి రక్తం పారడాన్ని తగ్గించగలవు. మూత్రాశయానికి, కొన్ని మానసిక వ్యాధులకు, ఎలర్జీకి ఇచ్చే పాతరకం మందులు కొన్ని చెమటనే అణిచేస్తాయి. మందులు మానమని కాదు, మోతాదు గురించి ముందే వైద్యుణ్ణి అడగమని. మాట తడబడడం, మనిషి అయోమయంగా ఉండడం కనిపిస్తే చెమట పడుతోందా లేదా అని చూస్తూ కూర్చోవద్దు. అది వడదెబ్బ కావచ్చు. వెంటనే ఒళ్ళంతా తడిపి విసురుతూ అంబులెన్సును పిలవాలి.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వడదెబ్బకు సుమారు రెండువేల మంది పోయారని అధికారిక లెక్కలే చెప్పాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కప్పులకు చలువరంగు వేయించే విధానం ప్రకటించింది. మంచిదే. పైనుంచి పడే మధ్యాహ్నపు ఎండకు అది సరైన మందు. పడమటి గాజుకు అది తగలదు. హైదరాబాదు పడమటి శివార్లలో నిలువెల్లా గాజుతో లేస్తున్న అపార్టుమెంట్లను చూస్తే, ముషైరిబ్‌లో కరెంటు వచ్చాక జరిగినది అక్కడ మళ్ళీ జరుగుతోందనిపిస్తుంది. సిటౌట్ ఉంటుంది, దానికి చూరు ఉండదు.

ఒక చివరి సంగతి, ఆచరణకు సంబంధించినది. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని నిషిద్ధం. బయటి తెర బిగించాలంటే ఎవరో ఒకరు ఆ పడమటి గోడకే నిచ్చెన వేసుకుని, కాలుతున్న అల్యూమినియం పెట్టెను చేత్తో ఎత్తి పట్టుకుని, గోడకు డ్రిల్లు పెట్టాలి. ఆ చేతులు తరచుగా జగిత్యాలవో నిజామాబాదువో అయి ఉంటాయి. నవంబరులో పిలిపిస్తే సరిపోతుంది. కొలతలకు, గుడ్డ తెప్పించడానికి నెలన్నర పట్టినా మార్చి ఎండలు రాకముందే తెర వేలాడుతుంది.