మంచము పట్టిన వృద్ధుల వాకిటికి

2020 మార్చి 25న కోవిడ్ కారణముగ దేశమంతటను లాక్‌డౌన్ అమలునకు వచ్చినపుడు, వృద్ధులు ఇల్లు కదలరాదనియు, వారి చెంతకు పరులెవ్వరును పోరాదనియు ఎల్లెడల బోధించిరి. వైద్యదృష్ట్యా అది సమంజసమే. కాని మూత్రమునకై క్యాథెటర్ అమర్చిన పక్షవాత రోగికిని, నడుమున పడకపుండ్లు పడిన ముదుసలికిని తలుపు మూయుటయే రక్ష కాజాలదు. ఆ గొట్టమును కొన్ని వారముల కొకమారు మార్చనియెడల అది పూడుకొని, మూత్రము నిలిచి, జ్వరము తెచ్చును. ఆ జ్వరముతో ఆసుపత్రికి కొనిపోయినచో, ఏ మహమ్మారినుండి ఆ వృద్ధుని దాచితిమో దాని యెదుటనే నిలిపినవారమగుదుము.

ఈ చిక్కును కేరళ చాలవరకు ఎదుర్కొనగలిగినదన్నచో, అందులకు కారణము ఆ యేటి తొందరలో కాక, అంతకు చాల ముందే యున్నది. కోళిక్కోడ్ వైద్యకళాశాలలో 1993లో వెలసిన ఉపశమన చికిత్సా సంఘము, చికిత్సకు లొంగని వ్యాధులతో మంచము పట్టినవారి బాధను తగ్గించుటకు ఆసుపత్రికంటె ఇల్లే తగిన తావని గ్రహించినది. ఊరి స్వచ్ఛంద సేవకులు ఆ భారమును పంచుకొనిరి. 2008లో రాష్ట్రప్రభుత్వము దానిని తన విధానముగా ప్రకటించగా, పంచాయతీలు నర్సులను నియమించి ఇల్లిల్లు తిప్పసాగినవి. ఆపద వచ్చిన నాటికి ఏ యింట ఎవరు మంచముననున్నారో ఆ నర్సులు క్రొత్తగా వెదుకవలసిన పని లేకపోయినది.

సంచారము దుర్లభమైన ఆ దినములలో వారి పని చాలవరకు ఫోనులోనే మొదలయ్యెడిది. రెండేసి గంటల కొకమారు రోగిని ఒత్తిగిలజేయుట, పుండు శుభ్రపరచి కట్టు మార్చుట ఇంటివారికి నేర్పదగినవి. గొట్టము మార్చుట అట్టిది కాదు. ఈ రెంటిని వేరుపరచి, పోక తప్పని యిండ్లకే పోవలెను. పోవునపుడును, ఒక యింటి అంటు వేరొక యింటికి మోయకుండుటకై, అనుమానమున్న యింటిని కడపటికి నిలుపుకొనవలెను.

ఇక వృద్ధదేహము రోగమును వెల్లడించు తీరే వేరు. జ్వరము లేకపోవచ్చును, దగ్గు లేకపోవచ్చును. నిన్నటివరకు పేరుపెట్టి పిలిచిన మనుమని నేడు గుర్తింపలేకుండుట, అన్నము వలదనుట, ఊరక తూలిపడుట — ఇవియే కోవిడ్ తొలి సూచనలు కావచ్చును. ఆయాసమే కానరాకుండ రక్తమున ఆక్సిజన్ 94 శాతమునకు దిగువ పడవచ్చును గనుక ఆక్సీమీటరు అవసరమే; కాని నిన్న ఆ రోగి ఎట్లున్నదో ఆ యంత్రమునకు తెలియదు, ఆ యింటికి ఏండ్లుగా వచ్చు నర్సుకు తెలియును. మాస్కు చాటున పెదవులు కనబడక, వినికిడి తగ్గిన వృద్ధురాలు బెదరినపుడు, ఎరిగిన కంఠమే ఆమెకు ధైర్యము.

60 ఏండ్లు దాటినవారికి 2021 మార్చి 1న టీకా ఆరంభమయ్యెను. కాని టీకా కేంద్రమునకు రాలేనివారి మాట తేలుటకు కాలము పట్టినది. కేరళలో ఆ వేసవి దాటునప్పటికే నర్సులు ఇండ్లకు పోయి టీకా వేయుచుండగా, కేంద్రప్రభుత్వ అనుమతి సెప్టెంబరున గాని రాలేదు. ఆలస్యమునకు సాధకబాధకములు లేకపోలేదు. కోవిషీల్డ్ సీసాలో పది మోతాదులుండెడివి. మూత తీసిన నాలుగు గంటలలో వాడవలసియుండెను. టీకా వేసిన పిమ్మట ప్రతివారిని అరగంటసేపు కనిపెట్టి యుండవలసివచ్చెను. పది యిండ్లలో అరగంట చొప్పున కూర్చున్నచో అయిదు గంటలగును! కనుక నర్సు ముందుకు సాగుచుండగా వెనుక నిలిచి కనిపెట్టు సహాయకురాలొకతె తప్పనిసరి యయ్యెను.

మన తెలుగునాట ఏఎన్‌ఎంలును, ఆశా కార్యకర్తలును ఆ విపత్తులో ఇల్లిల్లు తిరిగి జ్వరపీడితుల నారసిన శ్రమ సామాన్యమైనది కాదు. అయితే వారి వృత్తి ప్రధానముగా గర్భిణులను, పసిపిల్లలను ఉద్దేశించి రూపొందినది. గర్భిణికి పుస్తకమున్నట్లే మంచము పట్టిన ప్రతి వృద్ధునకు ఒక పుట యుండవలెను: ఏ గొట్టము ఎన్నడు మార్చిరి, ఏ మందు ఎన్నాళ్లకు సరిపోవును, కట్టు కట్టనేర్చినవారు ఇంట ఎవరు, పిలిచిన పలుకు పొరుగువారెవరు. ఈ పుటను వ్రాయుటకు తగిన కాలము మహమ్మారి లేని కాలమే. దానిని వ్రాయు ఏఎన్‌ఎంకు తక్కిన లెక్కల భారము కొంత తగ్గింపవలెను.