బల్లమీద చిన్ సైన్యం: ప్రాచీన చైనా సేనను పరిశోధించడం ఎలా?



చదరంగం మనకు కొత్త కాదు. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సేనను గళ్లలో నిలిపిన చతురంగం ఈ ఉపఖండంలోనే పుట్టింది. అయితే చదరంగంలో బంటు ఏ దేశం వాడో, ఏ శతాబ్దం వాడో ఎవరూ అడగరు. చారిత్రక యుద్ధక్రీడలో ఆ ప్రశ్నే మొదట వస్తుంది. ఇందులో 28 లేదా 15 మిల్లీమీటర్ల స్థాయి బొమ్మలకు రంగులు వేసి, కొలబద్దతో వాటి నడకను కొలుస్తూ, పాచికలతో ఫలితం తేలుస్తూ ఒకనాటి యుద్ధాన్ని బల్లమీద మళ్లీ నడుపుతారు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లోనే 'లిటిల్ వార్స్' అనే పుస్తకంలో ఇటువంటి ఆటకు నియమాలు రాశారు.

క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ రాజ్యపు సేనను మీరు తయారు చేయదలచారనుకుందాం. దేన్ని నమ్మాలి?

మొదటి ఆధారం అందరికీ తెలిసినదే. 1974లో షియాన్ నగరం దగ్గర బావి తవ్వుతున్న రైతులకు కాల్చిన మట్టితో చేసిన సైనికుల ముక్కలు దొరికాయి. అవి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా పాతిపెట్టిన సైన్యం. అన్ని గుంటల్లో కలిపి సుమారు 8000 విగ్రహాలు ఉంటాయని అంచనా. యుద్ధక్రీడాకారునికి విగ్రహం ఒక్కటే కాదు, అది నిలిచిన చోటు కూడా ఆధారమే. మొదటి గుంటలో ముందు మూడు వరుసల్లో సుమారు 200 మంది కవచం లేని విలుకాండ్రు ఉన్నారు. వారి వెనుక పదాతి దళం, మధ్యమధ్య రథాలు. అంచుల్లో ఉన్నవారు బయటివైపు తిరిగి నిలబడ్డారు, అంటే పక్కనుంచి వచ్చే దాడికీ ఏర్పాటు ఉంది. రెండవ గుంటలోని గుర్రాలకు జీను ఉంది గాని, కాలు పెట్టుకునే రికాబు లేదు. చైనాలో రికాబు క్రీ.శ. 4వ శతాబ్దంలో గాని కనబడదు. కాబట్టి కొన్న బొమ్మకు రికాబు ఉంటే చిన్న కత్తితో తీసివేయండి.

ఇక రంగుల సంగతి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 2002లో వచ్చిన 'హీరో' చలనచిత్రంలో చిన్ సేన అంతా నల్లని దుస్తుల్లో బారులు తీరుతుంది. దీనికి మూలం లేకపోలేదు. ఏకీకరణ తరువాత దుస్తులకూ పతాకాలకూ నలుపును గౌరవ వర్ణం చేశారని చరిత్రకారుడు సీమా చియెన్ రాశాడు. కాని ఆయన చిన్ వంశం కూలిపోయిన తరువాతి తరాలవాడు, హాన్ వంశపు కొలువులో ఉన్నవాడు. నేల తవ్వినప్పుడు కనబడే మట్టి సైనికుల అంగీలేమో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. ఒకరి పక్క మరొకరిది వేరే రంగు. ఆ రంగుల కింద లక్క పూత ఉంది. తేమ నేలలోనుంచి పొడిగాలిలోకి రాగానే అది నిమిషాల్లో ముడుచుకుని రాలిపోతుంది. అందుకే ఛాయాచిత్రాల్లో వారు మట్టిరంగులో కనిపిస్తారు.

సమాధి బొమ్మలకు వేసిన రంగు నిజమైన సైనికునికి ఉండేదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. దానికి సమాధానం హూబెయ్ రాష్ట్రంలోని షుయిహూదీలో, ఒక చిన్న సమాధిలో దొరికింది. 1970ల మధ్యలో అక్కడ జరిగిన తవ్వకాల్లో చెక్క పలకల మీద రాసిన రెండు ఉత్తరాలు బయటపడ్డాయి. క్రీ.పూ. 223 ప్రాంతంలో యుద్ధభూమి నుంచి హేఫు, జింగ్ అనే అన్నదమ్ములు ఇంటికి రాసినవి అవి. అమ్మను డబ్బూ బట్టలూ పంపమంటున్నారు. ఊళ్లో బట్ట చవకగా ఉంటే కుట్టించి పంపమనీ, ప్రియమైతే డబ్బే పంపితే ఇక్కడ కొనుక్కుంటామనీ హేఫు రాశాడు. ఇల్లు గడుపుకునేవారి మాటలివి! ఈ ఉత్తరం చదివాక అందరికీ ఒకే రంగు వేయడానికి చేయి రాదు. తల్లి కుట్టించి పంపిన అంగీ రాజ్యమంతటా ఒకే రంగులో ఎలా ఉంటుంది? కవచాలు మాత్రం ఒకే తీరుగా వేయండి. అంగీలు వేరువేరుగా ఉండనివ్వండి.

షుయిహూదీలోనే మరో సమాధిలో వెదురు బద్దలపై రాసిన చిన్ చట్టాలు దొరికాయి. వాటిలో తప్పు చేసిన అధికారికి 'ఒక కవచం', 'ఒక డాలు' అంటూ జరిమానాలున్నాయి. మట్టి సైనికుల చేతుల్లో డాళ్లు లేవు కనుక చిన్ సేనకు డాలే లేదనే వాదం దీనితో వీగిపోతుంది. డాలు ఆకారం కావాలంటే 1980లో సమాధి దగ్గర దొరికిన కంచు రథంలో చూడవచ్చు.

శిరస్త్రాణం విషయమూ అంతే. మట్టి సైనికులకు అది లేదు. తలకట్టు, జుట్టుముడి మాత్రమే కనిపిస్తాయి. దాన్నిబట్టి వారు బోడితలలతో యుద్ధానికి దూకేవారని చాలా పుస్తకాలు రాశాయి. అయితే 1998లో అదే సమాధి ప్రాంగణంలో బయటపడిన ఒక గుంటలో సున్నపురాతి పలకలను రాగి తీగతో కుట్టిన కవచాలు, వాటితోపాటు శిరస్త్రాణాలు కనబడ్డాయి. రాతితో చేసినవి ఒంటికి తొడగడానికి కావు, పాతిపెట్టడానికే. అయినా అసలు వస్తువు ఒకటి లేనిదే దాని నకలు ఎవరు చేస్తారు? నా అభిప్రాయంలో మొదటి వరుసల్లో కొందరికైనా శిరస్త్రాణం పెట్టడం న్యాయం.

పుస్తకం ఏ సంవత్సరం నాటిదో కూడా గమనించండి. చిన్ ఆయుధాలకు తుప్పు పట్టకుండా క్రోమియం పూత పూశారని దశాబ్దాలపాటు రాశారు. 2019లో వెలువడిన పరిశోధన ఆ క్రోమియం లక్కనుంచి వచ్చినదేనని తేల్చింది.

చివరగా ఎన్ని బొమ్మలు కావాలి? క్రీ.పూ. 260 నాటి చాంగ్‌పింగ్ యుద్ధంలో చావ్ రాజ్యపు సైనికులు 4 లక్షలకు పైగా చనిపోయారని సీమా చియెన్ లెక్క. ఆ ప్రాంతంలోని యోంగ్‌లూ గ్రామంలో 1995లో వందకు పైగా మనుషుల ఎముకలున్న గుంట బయటపడింది. ఊచకోత నిజమే, సంఖ్య మాత్రం అనుమానమే. లక్షలను బల్లమీద ఎవరూ పెట్టలేరు కనుక ఒక బొమ్మను 50 లేదా 100 మందికి గుర్తుగా తీసుకోండి. చిన్ సేనలో ఐదుగురిది ఒక జట్టు, ఒకరి తప్పుకు మిగతావారూ బాధ్యులు. అందుచేత ఒక్కో పీటపై ఐదు బొమ్మలు అంటించండి. రథానికి ముగ్గురు, పగ్గాలు పట్టేవాడు ఒకడు, అతని పక్కన ఇద్దరు.